హాజరుపట్టీలో ఖాళీ గడి: బాలల రక్షణలో బడి పాత్ర - ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బాలల రక్షణ, సంక్షేమాల విషయంలో చట్టాలు బడి మీద ఉంచిన బాధ్యతలను వివరించగలుగుతారు.
- బడి ద్వారా అందే సంక్షేమం ఏ పిల్లలకు చేరుతోందో, ఎవరికి చేరడంలేదో విశ్లేషించగలుగుతారు.
- గైర్హాజరును ప్రమాద సూచికగా ఎలా చదవాలో చెప్పగలుగుతారు.

1. విషయ పరిచయం

ప్రతి బడిలోనూ ఉదయం మొదట జరిగే పని హాజరు తీసుకోవడం. టీచరు పేరు పిలుస్తారు, బిడ్డ పలుకుతాడు, గడిలో గుర్తు పడుతుంది. పలకకపోతే గైర్హాజరు గుర్తు పడుతుంది. ఆ తరువాత పాఠం మొదలవుతుంది. పలకని బిడ్డ సంగతి చాలాచోట్ల అక్కడితో ముగుస్తుంది.

బాలల రక్షణ గురించి మాట్లాడినప్పుడు మనం సాధారణంగా చట్టాలను, పథకాలను, కమిటీలను ఏకరువు పెడతాం. అవన్నీ తెలుసుకోవలసినవే. అయితే ఒక ప్రశ్న వేసుకోకుండా వాటిని చదివితే పరీక్షకు పనికివస్తాయి గాని అవగాహనకు పనికిరావు. బడి ఎవరిని కాపాడుతోంది? వచ్చిన పిల్లలనా, రానివారినా? మన బడి సంక్షేమం దాదాపుగా వచ్చిన బిడ్డ చుట్టూ అల్లుకున్నదనీ, రక్షణ అవసరం ఎక్కువగా ఉన్నది రాని బిడ్డకనీ ఈ పాఠంలో వాదిస్తున్నాను. వాదాన్ని ఒప్పుకోవడమో, కాదనడమో మీ ఇష్టం. ఏది చేసినా కారణాలు చూపండి.

2. చట్టం బడికి అప్పగించిన పని

2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21-ఎ అధికరణం వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయింది. దాని అమలుకు చేసిన బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో రూపొంది, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఇందులో మన చర్చకు కావలసిన అంశాలు ఇవి.

మొదటిది, 'నిర్బంధ విద్య' అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం. ఈ నిర్బంధం తల్లిదండ్రుల మీద కన్నా ప్రభుత్వం మీద ఎక్కువ. బిడ్డ చేరేలా, క్రమంగా హాజరయ్యేలా, ప్రాథమిక విద్య పూర్తిచేసేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదని 8వ సెక్షన్ చెబుతుంది. రెండవది, తన పరిధిలో నివసించే 14 ఏళ్లలోపు పిల్లల వివరాలను స్థానిక సంస్థ నమోదు చేసి ఉంచాలని 9వ సెక్షన్ చెబుతుంది. మూడవది, శారీరక దండనను, మానసిక వేధింపును 17వ సెక్షన్ నిషేధించింది. నాలుగవది, 21వ సెక్షన్ కింద పాఠశాల యాజమాన్య కమిటీ ఏర్పడాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఐదవది, టీచరు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై బిడ్డ హాజరు గురించి, చదువు గురించి చెప్పాలని 24వ సెక్షన్ నిర్దేశించింది.

దీనికి తోడు 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందని అనుమానం ఉన్నవారు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ చెబుతుంది. సంస్థ పరువు పోతుందని దాచిపెట్టడం 21వ సెక్షన్ కింద నేరం. సద్భావంతో సమాచారం ఇచ్చినవారికి చట్టపరమైన రక్షణ ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రతి జిల్లాలోనూ బాలల సంక్షేమ సమితి ఉండాలని చెబుతుంది. సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలెవరో నిర్వచిస్తుంది. చట్ట విరుద్ధంగా పనిలో ఉన్న బిడ్డ, ఇల్లు విడిచి పారిపోయిన బిడ్డ, ఈడు రాకముందే పెళ్లి జరిగే ముప్పు ఉన్న బిడ్డ ఆ నిర్వచనంలోకి వస్తారు. బడికి రాకపోవడం ఒక్కటే అయితే ఆ జాబితాలో లేదు.

కాబట్టి మన దగ్గర చట్టాల కొరత లేదు. ఉన్న చట్టాలను ఒకదానితో ఒకటి కలిపే ముడి కొరవడింది.

3. సంక్షేమం ఎవరి పళ్లెంలో పడుతోంది?

బడి ద్వారా అందే సంక్షేమంలో అన్నిటికన్నా పెద్దది మధ్యాహ్న భోజనం. తమిళనాడులో 1956లో కామరాజ్ ప్రభుత్వం, 1982లో ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వం దీనికి దారి వేశాయి. జాతీయ పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. కాని చాలా రాష్ట్రాల్లో వండిన అన్నానికి బదులు నెలకింతని బియ్యమో గోధుమలో ఇచ్చేవారు. ఆహార హక్కు వ్యాజ్యంలో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో వండిన భోజనం పెట్టడం రాష్ట్రాలకు తప్పనిసరి అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2003 జనవరి నుంచి అమలయింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం దీన్ని హక్కుగా మార్చింది. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 450 కెలొరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. 6 నుంచి 8వ తరగతి బిడ్డకు 700 కెలొరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి.

ఈ పథకం చేసిన మేలు తక్కువది కాదు. ఆకలితో బడికి వచ్చే బిడ్డకు అది చదువుకు ముందు కావలసిన చదువు. పక్కపక్కన కూర్చుని తినడం కులం గీసిన గీతల మీద ఎంతో కొంత ఒత్తిడి తెచ్చింది. ఆ మేలును ఒప్పుకుంటూనే దాని లెక్క ఎలా సాగుతుందో చూడాలి. ఆ రోజు ఎంతమంది హాజరైతే అంతమందికి బియ్యం కొలుస్తారు, అన్ని గుడ్లు ఉడకబెడతారు. ఇది న్యాయమైన లెక్కే. కాని ఈ లెక్కలో రాని బిడ్డ అంటే మిగిలిన గుడ్డు మాత్రమే. పొదుపయిన బియ్యం నమోదవుతుంది. బిడ్డ ఎందుకు రాలేదన్నది నమోదు కాదు.

పాఠ్యపుస్తకాలు, యూనిఫారం, కళ్లజోడు, ఐరన్ మాత్ర, ఆరోగ్య పరీక్ష అన్నీ ఇలాగే సాగుతాయి. వైద్య బృందం వచ్చిన రోజున బడిలో ఉన్న బిడ్డకు పరీక్ష జరుగుతుంది. ఆ రోజు మేకలు కాయడానికి వెళ్లిన బిడ్డకు జరగదు.

బడి తలచుకుంటే ఈ హద్దు దాటగలదని చెప్పడానికి మన అనుభవంలోనే రుజువులున్నాయి. 2004లో కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకే చేరాయి. పిల్లలందరూ ఒక్కసారిగా గైర్హాజరైనప్పుడు బడి గడపదాకా నడిచి వెళ్లింది. ఒక్క బిడ్డ గైర్హాజరైనప్పుడు ఎందుకు వెళ్లడంలేదు?

4. షరతు మీద నిలిచిన సాయం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జనవరిలో అమ్మఒడి పథకం ప్రారంభించింది. పిల్లలను బడికి పంపే పేద తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేయడం దీని ఉద్దేశంగా ఉండేది. డబ్బు తల్లి చేతికే రావడం మెచ్చుకోవలసిన విషయం. దీనికి 75 శాతం హాజరు నిబంధన ఉండేది. మొదట్లో సడలించారు, తరువాత అమలు చేశారు.

షరతు వెనుక ఉన్న తర్కం మనకు తెలిసిందే. డబ్బు వస్తుందంటే తల్లిదండ్రులు బిడ్డను క్రమంగా పంపుతారు. కొన్ని కుటుంబాల్లో అది నిజం కూడా. కాని ఏ కుటుంబం షరతు తప్పుతుందో చూడండి. 6 నుంచి 8 తరగతులకు చట్టం నిర్దేశించిన పనిదినాలు 220. అందులో 25 శాతం అంటే 55 రోజులు. కర్నూలు పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు ప్రాంతానికి పత్తితీతలకు, మిరప కోతలకు వలసపోయే కుటుంబం నెలల తరబడి ఊరు విడిచి ఉంటుంది. పెద్దవాళ్లను వదిలి పిల్లలు ఊళ్లో ఉండలేరు. 55 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. ఇంట్లో తల్లి మంచాన పడితే తమ్ముణ్ణి చూసుకునే ఆడపిల్ల సంగతీ అంతే.

అంటే హాజరు తగ్గిన బిడ్డ ఇంటికి ఎవరైనా వెళ్లి అడగవలసిన సమయంలో, ఆ ఇంటికి రావలసిన డబ్బు ఆగిపోతుంది. ప్రమాద ఘంటికగా వినవలసిన దాన్ని అనర్హతగా చదువుతున్నాం. ఏ ప్రభుత్వం తెచ్చినా, ఏ పేరు పెట్టినా, హాజరును షరతుగా పెట్టే ప్రతి పథకానికీ ఈ విమర్శ వర్తిస్తుంది. షరతు ఉండాలనుకుంటే దానికి ముందు ఒక మెట్టు ఉండాలి. హాజరు తగ్గిన బిడ్డ ఇంటికి ఎవరు వెళ్లారు, ఏమి తెలుసుకున్నారు అన్నది నమోదు కానిదే డబ్బు ఆపకూడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి
అ) విద్యా హక్కు చట్టంలో 'నిర్బంధం' ఎవరి బాధ్యతను సూచిస్తుంది?
ఆ) హాజరు షరతు వలస కుటుంబాలపై చూపే ప్రభావం ఏమిటి?

5. ముప్పై రోజుల నిబంధన: ఒక పరిశీలన

గైర్హాజరుకూ బాల కార్మికతకూ ఉన్న సంబంధాన్ని చట్టం అసలు గుర్తించలేదనలేం. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత, సెలవుల్లో సాయపడటానికి మినహాయింపు ఇచ్చారు. ఆ సవరణకు అనుగుణంగా 2017లో వచ్చిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. బిడ్డ చెప్పకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయులు ఆ సంగతి సంబంధిత నోడల్ అధికారికి తెలియజేయాలి.

ఈ నిబంధనలోని ఆలోచన సరైనది, కొలత సరైనది కాదు. రెండు కారణాలు చెబుతాను.

ఒకటి, 30 రోజులు చాలా ఎక్కువ. పెళ్లి కుదరడానికి, జరగడానికి అన్ని రోజులు పట్టదు. ఇటుక బట్టీకి చేరిన కుటుంబం జాడ నెల తరువాత దొరకడం కష్టం. ఇంగ్లండులో అనుమతి లేకుండా వరుసగా 10 బడి దినాలు రాని విద్యార్థి సమాచారం స్థానిక పాలనా సంస్థకు చేరాలన్న నియమం ఉంది. మన పరిస్థితులు వేరు. అయినా 10కీ 30కీ ఉన్న తేడా ఆలోచింపజేస్తుంది.

రెండు, 'వరుసగా' అనే మాట. సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లే ఆడపిల్ల బడి పూర్తిగా మానేయదు. వారంలో నాలుగు రోజులు చేనుకు, ఒకటి రెండు రోజులు బడికి వెళుతుంది. 29 రోజులు రాక 30వ రోజున వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. నిబంధన కాగితం మీద ఉల్లంఘన కాదు. పిల్ల మాత్రం సీజనంతా చేనులోనే ఉంటుంది. బాల కార్మికత నిబంధన కోరినట్లు వరుసలో రాదు. విడతలు విడతలుగా వస్తుంది.

6. పేరు ఉండి బిడ్డ లేకపోవడం

పట్టీలో గుర్తులు ఎలా పడుతున్నాయో చూశాం. ఇక పేర్ల సంగతి. ఎక్కువ రోజులు రాని బిడ్డ పేరు కొన్నిచోట్ల కొట్టేస్తారు. ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా బిడ్డను బడి నుంచి తొలగించరాదని విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతున్నా ఇది జరుగుతుంటుంది. మరికొన్నిచోట్ల దీనికి తలకిందులు. టీచరు పోస్టులు పిల్లల సంఖ్య మీద ఆధారపడతాయి. సంఖ్య తగ్గితే పోస్టు పోతుంది, ఒక్కోసారి బడే పోతుంది. అందుకని బిడ్డ వెళ్లిపోయినా పేరు ఉంటుంది. పేరు కొట్టేస్తే బిడ్డ లెక్కలోంచి పోతుంది. పేరు ఉంచేస్తే బిడ్డ పోయినట్లు లెక్కకే తెలియదు. రెండూ నష్టమే.

దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది. 9వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ దగ్గర ఊరి పిల్లల జాబితా ఉండాలి. బడి దగ్గర హాజరుపట్టీ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఊళ్లో ఉండి బడిలో లేనివారెవరో, బడి పట్టీలో ఉండి ఊళ్లో లేనివారెవరో తేలిపోతుంది. ఇప్పుడు హాజరు ఫోను యాప్‌లలోకి మారింది. సమాచారం నిమిషాల్లో రాజధానికి చేరుతోంది. అదే సమాచారం వీధి చివరనున్న పంచాయతీ కార్యాలయానికి చేరడంలేదు.

ఊరి వైపు నుంచి లెక్కించడం ఎంత ముఖ్యమో మన ప్రాంతపు అనుభవమే చెబుతుంది. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల తొలినాళ్ల నుంచి పిల్లలను పని నుంచి బడికి మళ్లించే కృషి చేసింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాల కార్మికుడిగానే లెక్కించాలన్నది దాని సూత్రం. శిబిరాల్లో చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించడం దాని పద్ధతి. ఈ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. 'పేదవాళ్లకు చదువు మీద ఆసక్తి లేదు' అన్న మాటను ఆ అనుభవం గట్టిగా ప్రశ్నించింది. ఎవరైనా వచ్చి అడిగితే, బడి పిల్లను నిలబెట్టుకోగలదన్న నమ్మకం కలిగితే, తల్లిదండ్రులు పంపుతారని చూపింది.

7. పద్నాలుగేళ్ల గీత

విద్యా హక్కు 14 ఏళ్లతో ఆగుతుంది. ఆడపిల్లకు ముప్పు ఎక్కువయ్యేది ఆ తరువాతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లలోపే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ఉండగానే ఈ పరిస్థితి.

తొమ్మిదో తరగతి ఆడపిల్ల సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాకపోతే బడి దాన్ని 'మానేసింది' అని రాసుకుంటుంది. వేసవిలో అయితే ఆ మాటైనా రాయరు, పట్టీయే మూతపడి ఉంటుంది. పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేది ఆ రోజుల్లోనే. అందుచేత సెలవుల తరువాత వచ్చే మొదటి వారం పట్టీని అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాలి. జూన్‌లోనూ, దసరా, సంక్రాంతి తరువాతా ఎవరు తిరిగి రాలేదో చూడటం బాల్య వివాహాన్ని పసిగట్టడానికి తేలికైన మార్గం. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, సాంఘిక సంక్షేమ గురుకులాలు, వసతిగృహాలు ఇలాంటి పిల్లలకు ఆసరా ఇస్తున్నాయి. అక్కడ కూడా సీటు ఖాళీ అయితే నింపడం మీద ఉన్న శ్రద్ధ, ఖాళీ చేసిన పిల్ల ఏమైందన్న దాని మీద కనిపించదు.

8. బడే కారణమైనప్పుడు

ఇంతవరకు ముప్పు బడి బయటే ఉన్నట్లు మాట్లాడుకున్నాం. అది సగం సంగతే. దెబ్బలకు భయపడి, కులం పేరుతో అన్న మాటకు కుంగిపోయి, మరుగుదొడ్డికి తలుపు లేక, తోటివారో పెద్దవారో చేసే వేధింపు చెప్పుకోలేక బడి మానేసే పిల్లలుంటారు. అప్పుడు గైర్హాజరు బిడ్డ ఇస్తున్న వాంగ్మూలం. ఆ వాంగ్మూలాన్ని బడి ఒక్కటే వింటే చాలదు. తప్పు తనదైనప్పుడు ఏ సంస్థా తనను తాను తేలికగా పట్టించుకోదు.

కాబట్టి రాని బిడ్డను పలకరించేవారిలో బడికి చెందనివారు ఒకరైనా ఉండాలి. యాజమాన్య కమిటీలోని తల్లి, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు ఎవరైనా కావచ్చు. 1098 సహాయవాణి సంఖ్య బడి గోడ మీద ఉంటే సరిపోదు. బడికి రాని బిడ్డకు ఆ గోడ కనపడదు.

9. కొన్ని అభ్యంతరాలు

టీచర్లకు ఇప్పటికే పని ఎక్కువ, ఇదీ వారి నెత్తినే వేస్తారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడరాదని 27వ సెక్షన్ చెబుతున్నా, ఫొటోలు, యాప్‌లు, నివేదికలు పెరుగుతూనే ఉన్నాయి. ఏకోపాధ్యాయ బడిలో టీచరు ఇంటింటికీ తిరగలేరు. అందుకే టీచరు చేయవలసింది గుర్తించడం, చెప్పడం. వెళ్లి చూడటం ఊరి వ్యవస్థ పని.

ఇది పేద కుటుంబాల మీద నిఘా కాదా అన్నది రెండో అభ్యంతరం. అయ్యే ప్రమాదం ఉంది. కేసు పెడతామని బెదిరిస్తూ వెళితే ఆ కుటుంబం మరుసటి ఏడాది బిడ్డను బడిలో చేర్చనే చేర్చదు. "అమ్మాయి కనపడటంలేదు, ఒంట్లో బాగుందా?" అని తెలిసినవారు అడగడం వేరు, అధికారి నోటీసు ఇవ్వడం వేరు. నేరం ఉన్నచోట చట్టం రావాలి. కష్టం ఉన్నచోట సాయం రావాలి. ఏది ఉందో వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

10. చేయదగినవి

ఈ విమర్శ నుంచి తేలే సూచనలు ఇవి. ఇవి చట్టంలో ఉన్నవి కావు, చర్చకు పెడుతున్నవి. మూడో రోజున తరగతి టీచరు ఫోను చేయాలి, లేదా పక్కింటి పిల్లలను అడగాలి. ఏడో రోజున యాజమాన్య కమిటీ నుంచి ఒకరు, బడికి చెందని కార్యకర్త ఒకరు ఇంటికి వెళ్లాలి. పదో రోజుకు కారణం తెలియకపోయినా, తెలిసిన కారణం ప్రమాదకరమైనా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చెప్పాలి. వరుస రోజులతో పాటు నెలలో మొత్తం గైర్హాజరునూ లెక్కించాలి. పట్టీలో గైర్హాజరు గుర్తు పక్కన కారణం రాయడానికి ఒక గడి ఉండాలి. వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు వలస మొదలయ్యేలోగా తెరవాలి, తరువాత కాదు.

11. సారాంశం

బాలల రక్షణకు కావలసిన చట్టాలు మనకు ఉన్నాయి. సంక్షేమ పథకాలూ ఉన్నాయి. ఆ పథకాలు హాజరైన బిడ్డను లెక్కిస్తాయి, హాజరు కాని బిడ్డను అనర్హుడిగా చూస్తాయి. 30 రోజుల నిబంధన విడతల వారీ గైర్హాజరును పట్టుకోలేదు. ఊరి జాబితాను, బడి పట్టీని పోల్చి చూసే ఏర్పాటు లేదు. గైర్హాజరును ప్రమాద సూచికగా చదివి, రోజుల్లోనే పలకరింపుగా మార్చగలిగినప్పుడు బడి రక్షణ వ్యవస్థ అవుతుంది.

సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివేవారిలో చిన్నతనంలో బడికి దూరమై, పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవారు ఎందరో ఉంటారు. ఒకప్పుడు ఏదో బడి పట్టీలో వారి పేరు ఎదురుగానూ గైర్హాజరు గుర్తు పడే ఉంటుంది. ఈ పాఠాన్ని విమర్శించడానికి వారికన్నా అర్హులు లేరు. జవాబులు రాసేటప్పుడు మీ ఊరి బడిని, మీరెరిగిన పిల్లలను ఉదాహరణలుగా తీసుకోండి.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. 'బడి సంక్షేమం వచ్చిన బిడ్డ చుట్టూ అల్లుకున్నది.' ఈ అభిప్రాయాన్ని మధ్యాహ్న భోజన పథకం ఆధారంగా చర్చించండి.
2. బాల కార్మిక నిబంధనల్లోని 30 రోజుల గైర్హాజరు నియమాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
3. బడికి రాని బిడ్డను పలకరించడంలో బడికి చెందనివారి పాత్ర ఎందుకు అవసరం?
4. మీ గ్రామంలో లేదా వార్డులో గైర్హాజరుకు ముఖ్య కారణాలు ఏమిటి? పేర్లు బయటపెట్టకుండా రెండు పుటల్లో రాయండి.